ఫ్రీగా దొరికే పూసల ప్యాట్రన్లు: సూది పట్టక ముందే మంచిదేదో ఎలా తేల్చుకోవాలి

మా పిన్ని కూతురు చీపురుపల్లిలో ఉంటది. మొన్న రాత్రి పదిన్నరకి వాట్సాప్‌లో వరసపెట్టి మూడు పంపించింది, ఒక పీడీఎఫ్, ఒక ఫోటో, ఒక వీడియో లింకు. కింద "అప్పా (మా వైపు అక్కని అలా పిలుస్తాం), మూడూ ఫ్రీయే, ఏది మొదలెట్టీమంటావు?" అని అడిగింది. దాని ఆడపడుచు పెళ్ళి వైశాఖంలో, పెళ్ళికూతురికి తన చేత్తో అల్లిన పూసల చేతిపట్టీ పెట్టాలని దాని కోరిక. ఫోటోల్లో చూస్తే మూడూ ఒకదాన్ని మించి ఒకటి ఉన్నాయి. పొద్దున్న చెప్తాను, అప్పటిదాకా సూది ముట్టుకోకు అన్నాను, ఎందుకంటే ఫోటో బాగుండడానికీ ప్యాట్రన్ బాగుండడానికీ సంబంధం లేదని నాకు బాగా తెలుసు. ఆ రాత్రి నేను ఆ మూడింటినీ ఎలా చూశానో అదే ఇక్కడ రాస్తున్నాను, మీరు కూడా ఇలాగే రెండు మూడు దాచుకుని ఏది పట్టుకోవాలో తేలక కూర్చుంటే పనికొస్తది.

ముందు ఒక మాట. ప్యాట్రన్ ఫ్రీ గానీ మన పూసలు ఫ్రీ కాదు, మన రాత్రులు అంతకన్నా ఫ్రీ కాదు. మూడేళ్ళ కిందట మా మేనకోడలి ఓణీల ఫంక్షన్‌కి తామరపూల పట్టీ ఒకటి మొదలెట్టాను, ఎక్కడో దొరికిన ప్యాట్రన్, ఎవరు చేశారో పేరు కూడా లేదు. రోజూ వంటిల్లు సర్దీసి పిల్లలు పడుకున్నాక రాత్రి రెండు గంటలు కూర్చునేదాన్ని. అరవయ్యో వరసకి వచ్చేసరికి పువ్వు రేకు ఒక పూస పక్కకి జరిగిపోయింది. నా తప్పే అనుకుని పది వరసలు విప్పి మళ్ళీ అల్లాను, మళ్ళీ అదే. మూడోసారి కాగితం తీసుకుని లెక్కేస్తే ఆ వరసలో 12 పూసలు ఉండాల్సిన చోట 11 రాశారు, అంటే ఆ ప్యాట్రన్ రాసినవాళ్ళు ఒక్కసారి కూడా దాన్ని చేసి చూడలేదు. ఫంక్షన్ అయిపోయింది, పట్టీ సగంలో ఉండిపోయింది, ఆ పిల్లకి బజార్లో కొన్న దుద్దులు పెట్టాను. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది. అప్పటినుంచి ఏ ప్యాట్రన్ అయినా సరే నేను అడిగే మొదటి ప్రశ్న ఒకటే, దీన్ని రాసినవాళ్ళు ఈ రాసినదాన్ని చూసుకునే అల్లారా లేదా? మిగతా పరీక్షలన్నీ ఆ ప్రశ్నకి జవాబు వెతకడానికే.

ఆ జవాబు సగం ఎక్కడ దొరుకుతదంటే, ఇది ఎందుకు ఫ్రీగా ఇస్తున్నారు అన్న దగ్గర. పూసలు తయారుచేసే కంపెనీలు, జపాన్‌లో మియుకి, టోహో, చెక్ దేశంలో ప్రెసియోసా లాంటివి, వాళ్ళ పూసలు అమ్ముడవ్వాలని ప్యాట్రన్లు ఊరికే ఇస్తాయి. అందులో కొలతలు, పూసల నంబర్లు, ఎన్ని పూసలు కావాలి అన్నీ సాధారణంగా ఉంటాయి, కాకపోతే వాళ్ళ పూసలే కావాలంటాయి. రెండో రకం డిజైనర్లు, డబ్బులకి ప్యాట్రన్లు అమ్మేవాళ్ళు, ఒకటో రెండో నమూనాగా ఫ్రీగా పెడతారు, అది చూసి నచ్చితే మిగతావి కొంటారని. నా అనుభవంలో అన్నిటికన్నా నిక్కచ్చిగా ఉండేవి ఇవే, ఎందుకంటే అందులో తప్పుంటే వాళ్ళ మిగతావి ఎవరూ కొనరు. మూడో రకం ఎవరిదో ఫోటో తీసుకొచ్చి మళ్ళీ మళ్ళీ పంచేవాళ్ళు, వీళ్ళకి అది అల్లబడుతుందో లేదో అక్కర్లేదు. నాలుగోది ఫోటోని సాఫ్ట్‌వేర్‌లో వేసి గళ్ళుగా మార్చి పెట్టీసినవి. ఈ చివరి రెండిట్లో కూడా మంచివి ఉండొచ్చు, కానీ మంచిదని మనమే తేల్చుకోవాలి, ఎవరూ పూచీ ఉండరు.

ఇప్పుడు చెల్లి పంపిన మొదటిది, ఆ పీడీఎఫ్. పెయోటి కుట్టు, అంటే పూసలు ఒకటి విడిచి ఒకటి కూర్చునే అల్లిక, అడ్డంగా 24 పూసలు, మొత్తం 206 వరసలు, పూసలు 11/0 సైజు డెలికా, అంటే మియుకి వాళ్ళ గొట్టంలాంటి సన్న పూసలు. మొదటి పేజీలోనే మూడు రంగులు, పక్కన ఒక్కోదానికి నంబరు, ఎన్ని కావాలో లెక్క, ఎరుపు 1180, బంగారు రంగు 652, తెలుపు 640. ఇది చూడగానే నాకు సగం ధైర్యం వచ్చింది గానీ నమ్మీలేదు, కూడి చూశాను. 1180, 652, 640 కలిపితే 2472. ఇప్పుడు అటునుంచి చూడాలి. పెయోటిలో మొదటి రెండు వరసలూ ఒకేసారి ఎక్కిస్తాం కాబట్టి మొదటి లైన్లో 24 పూసలు ఉంటాయి, తర్వాత నుంచి ఒక్కో వరసకి సగమే, అంటే 12. మిగిలిన 204 వరసలు ఇంటూ 12 అంటే 2448, దానికి మొదటి 24 కలిపితే 2472. రెండువైపులా ఒకటే అంకె వచ్చింది. ఈ లెక్క కుదిరిందంటే ఆ ప్యాట్రన్‌ని ఎవరో జాగ్రత్తగా చేశారనే అర్థం, కుదరకపోతే ఎక్కడో వరసలు మింగేశారు, లేదా పూసల లెక్క వేరే చార్టుది తెచ్చి అతికించారు.

సైజు కూడా ఇలాగే చూసుకోవచ్చు, నమ్మకానికి ఇదో గట్టి ఆధారం. 11/0 డెలికా పూస రంధ్రం పొడవునా 1.3 మిల్లీమీటర్లు, ఎత్తు 1.6 మిల్లీమీటర్లు ఉంటది. 24 పూసల వెడల్పంటే 31 మిల్లీమీటర్లు, అంటే అంగుళం పావు. పెయోటిలో పూసలు ఒకటి విడిచి ఒకటి కూర్చుంటాయి కాబట్టి 206 వరసలంటే ఒక నిలువులో 103 పూసలు, 103 ఇంటూ 1.6 అంటే దాదాపు 165 మిల్లీమీటర్లు, ఆరున్నర అంగుళాలు. పీడీఎఫ్‌లో కూడా ఆరున్నర అంగుళాలు అని ఉంది, సరిపోయింది. ఇంకో ప్యాట్రన్‌లో ఇవే వరసలు పెట్టి ఎనిమిది అంగుళాలు అని రాస్తే అక్కడే ఆపీయండి. బరువుకి వస్తే డెలికా 11/0 గ్రాముకి సుమారు 200 పూసలు, ఈ పట్టీకి పన్నెండున్నర గ్రాములు, పాడైనవి తీసేయడానికి ఇంకో గ్రామో రెండు గ్రాములో ఎక్కువ పెట్టుకోవాలి. ఇంతున్న పట్టీకి "5 గ్రాములు చాలు" అని రాసినవి నేను చూశాను, అవి నమ్మి తక్కువ తెప్పించుకుంటే చివర్లో రంగు దొరకదు, దొరికినా ఇంకో తయారీ బ్యాచ్‌ది కాస్త తేడా రంగు వస్తది, పట్టీ మధ్యలో గీత గీసినట్టు కనపడుతుంది.

వరసల మాటలు రాసిన పేజీ ఉంటది కదా, ఒకటో వరస రెండో వరస మూడు ఏ, ఒకటి బీ, నాలుగు ఏ అని (ఏ, బీ అంటే రంగుల గుర్తులు), దాన్ని కూడా ఊరికే వదలకండి. అన్నీ కూడక్కర్లేదు, మధ్యలో ఎక్కడైనా ఒక పది లైన్లు పట్టుకుని వేళ్ళమీద లెక్కపెట్టండి, ప్రతి లైనూ 12 రావాలి. చెల్లి పీడీఎఫ్‌లో 40 నుంచి 50 దాకా, మళ్ళీ 150 నుంచి 160 దాకా చూశాను, అన్నీ 12. మొదట్లో కంటే మధ్యలో, చివర్లో చూడడం మేలు, రాసేవాళ్ళు అలిసిపోయేది అక్కడే. ఆ తర్వాత ఆ మాటల్నే బొమ్మతో పోల్చండి, 45వ వరసలో మాటల్లో నాలుగో పూస ఎరుపు అంటే బొమ్మలో కూడా అక్కడ ఎరుపే ఉండాలి. నా తామరపూల పట్టీకి ఈ పది నిమిషాల పని చేసుంటే ఆ అరవై వరసల కష్టం తప్పేది.

అడ్డంగా పూసలు సరిసంఖ్యలో ఉన్నాయా బేసిసంఖ్యలో ఉన్నాయా అన్నది చాలామంది చూడరు. 24 అంటే అంచు దగ్గర మలుపు తేలిక, సూది అలా తిప్పి ఇలా తీసుకోవడమే. 23 లేదా 25 అయితే ఒక పక్క అంచులో పూసకి పట్టు దొరకదు, అక్కడ సూదిని పక్క పూసల్లోంచి ఎనిమిది అంకె లాగ తిప్పి వెనక్కి తేవాలి. ఆ మలుపు బొమ్మ గీసి చూపించని బేసిసంఖ్య ప్యాట్రన్ కొత్తవాళ్ళు ముట్టుకోవద్దు, ఒక అంచు బిగుసుగా ఇంకో అంచు వదులుగా వస్తది, పట్టీ వంకర తిరిగిపోతది. గాజులాగ రెండు చివర్లూ కలిపి కుట్టీసే రకం అయితే వరసల సంఖ్య సరిసంఖ్యలో ఉండాలి, అప్పుడే ఒక చివర పళ్ళు ఇంకో చివర సందుల్లో కూర్చుంటాయి. గుండ్రంగా తిరిగే అల్లికల్లో చాలావాటిలో ప్రతి వరస అయ్యాక పై వరసలోకి ఎక్కే మెట్టు ఒకటి ఉంటది, దాని గురించి ఒక్క ముక్క కూడా రాయని ప్యాట్రన్ అంటే అది తెలిసినవాళ్ళకే రాసింది, లేదా తెలియనివాళ్ళు రాసింది.

దారం వెళ్ళే దారి ఎలా గీశారు అన్నది కూడా నాకు ముఖ్యం. మంచి బొమ్మలో ముందే అల్లినది లేత రంగులో, ఇప్పుడు వేసే దారం ముదురు రంగులో, మొదలయ్యే పూస దగ్గర చుక్క, బాణం గుర్తు ఉంటాయి. రష్యన్‌లోనో స్పానిష్‌లోనో ఉన్న ప్యాట్రన్ అయినా ఈ బొమ్మ బాగుంటే మాటలు అక్కర్లేదు, నేను రష్యన్ ప్యాట్రన్లు రెండు అలాగే చేశాను. తెలుగులో రాసినా బొమ్మలో దారం ఎటు పోతుందో కనపడకపోతే భాష ఏం చేసుకుంటాం.

సరే, చెల్లి పంపిన రెండోది. ఉత్త ఫోటో. నెమలి బొమ్మ, ముప్ఫై రంగులు, చూడ్డానికి ఎంత అందంగా ఉందంటే నాకూ మనసైంది. పెద్దది చేసి చూద్దును కదా, గళ్ళన్నీ తిన్నగా ఒకదాని కింద ఒకటి ఉన్నాయి, లెక్కల పుస్తకం కాగితం లాగ. ఇది పెయోటి చార్టు కాదు, క్రాస్ స్టిచ్ చార్టు, గుడ్డ మీద కుట్టేది. పెయోటి చార్టులో పక్క నిలువు సగం గడి కిందకి దిగి ఉంటది, ఇటుకల గోడని పక్కకి పడుకోబెట్టినట్టు. బ్రిక్ స్టిచ్ అనే ఇంకో అల్లిక చార్టులో గోడ నిలబడే ఉంటది, అందుకే పెయోటి చార్టుని 90 డిగ్రీలు తిప్పితే బ్రిక్‌కి వాడుకోవచ్చు, అటునుంచి ఇటు కూడా. కానీ తిన్నటి గళ్ళది ఆ రెండిట్లో దేనికీ పనికిరాదు, అల్లితే నెమలి మెడ పళ్ళు పళ్ళుగా చెదిరిపోతుంది. దాన్ని మగ్గం మీద, అంటే పూసల లూమ్ మీద, లేదా స్క్వేర్ స్టిచ్‌లో చెయ్యొచ్చు, అక్కడ పూసలు తిన్నగా కూర్చుంటాయి. అయినా అక్కడ కూడా పూస వెడల్పు ఎత్తు సమానం కాదు కాబట్టి, గుడ్డ మీద గుండ్రంగా వచ్చే పింఛం కన్ను పూసల్లో నిలువుగా సాగినట్టు వస్తది. పూసల కోసమని గీసిన చార్టు అయితే గడి కూడా పూస ఆకారంలోనే కాస్త నిలువుగా గీస్తారు, ఇది ఒక్క చూపులో తెలిసిపోయే గుర్తు.

పైగా ఆ ఫోటోలో రంగులకి నంబర్లు లేవు. నీలంలో ఎనిమిది రకాలు, ఫోన్ వెలుగులో ఒకలాగ, కంప్యూటర్లో ఇంకోలాగ. డెలికాలో అయితే ప్రతి రంగుకీ నంబరుంది, డీబీ 10 అంటే నలుపు, 200 తెలుపు, 723 ఎరుపు, ఏ దేశంలో కొన్నా అదే. నంబరు లేని చార్టులో మూడు నాలుగు రంగులుంటే మనమే ఊహించుకుని వెళ్ళొచ్చు, ఎరుపు ఎరుపే కదా. ముప్ఫై రంగులు పెట్టి నంబర్లు లేకపోతే అది ఎవరూ చెయ్యలేదనే లెక్క. ఫోటోని సాఫ్ట్‌వేర్‌లో మార్చినవి ఇలాగే ఉంటాయి, ఒక్క పూస మాత్రమే ఉన్న రంగు, రెండు పూసలున్న రంగు అని చిల్లర చిల్లరగా పోగవుతాయి. మనిషి డిజైన్ చేస్తే ఒక్క పూస కోసం ఒక ప్యాకెట్ కొనమనరు.

ఈ మధ్య ఇంకో రకం వచ్చింది, అల్లిన వస్తువే లేదు, ఏఐ తయారుచేసిన ఫోటో మాత్రం ఉంది. దగ్గరకి లాగి చూడండి, ఒక పూస పక్క పూసలోకి కరిగిపోయి ఉంటది, సైజులు ఒకచోట చిన్నవి ఒకచోట పెద్దవి, వరస మధ్యలో మొదలై మధ్యలో మాయమవుద్ది, దారం ఎక్కడా కనపడదు. నిజంగా అల్లినదానికి అంచు దగ్గర ఎక్కడో దారం కనపడి తీరుతుంది, వెనకవైపు ఫోటో కూడా పెడతారు. వెనకవైపు, చేతికి పెట్టుకున్నది, హుక్ దగ్గరది, ఈ మూడు ఫోటోలు ఉన్న ప్యాట్రన్ అంటే నాకు గౌరవం.

మూడోది వీడియో, నలభై నిమిషాలు. 4 మిల్లీమీటర్ల క్రిస్టల్ పూసలు, సందుల్లో చిన్న పూసలు, రైట్ యాంగిల్ వీవ్. పేరు కొత్తగా ఉంటది గానీ ఈ అల్లిక మన ఇళ్ళల్లో ఎప్పటినుంచో ఉంది, మన అమ్మావాళ్ళు నైలాన్ వైరుతో షోకేసులో పెట్టే పూసల బాతులు, హంసలు, గుమ్మానికి తోరణాలు, ప్లాస్టిక్ పూసల బ్యాగులు అల్లేవారు చూడండి, నాలుగేసి పూసలు చదరంగా పట్టుకుంటూ పోయేది, అదే ఇది. ఎవరూ చార్టులు చూసేవారు కాదు, పక్కింటావిడ పక్కన కూర్చుని చూసి నేర్చుకునేవారు. వీడియో కూడా అలాంటిదే, పక్కన కూర్చున్నట్టు, అందుకే చేతి కదలిక నేర్చుకోవడానికి దాన్ని మించింది లేదు. వీడియోని నేను చివరి అయిదు నిమిషాలనుంచి మొదలెడతాను. హుక్ ఎలా కడుతున్నారు, దారం ముడి ఎలా దాచుతున్నారు, చేతికి పెట్టి చూపించారా? చాలా వీడియోల్లో ఆఖర్న "ఇలాగే చివరిదాకా చేసుకోండి" అని వదిలీస్తారు, కొత్తవాళ్ళు పడిపోయేది సరిగ్గా అక్కడే. తర్వాత మొదటి రెండు నిమిషాలు, పూస సైజు, దారం, సూది నంబరు చెప్పారా లేదా. అప్పుడు మధ్యలో ఎక్కడో ఒకచోట సగం స్పీడులో పెట్టి, సూది ఏ పూసలోంచి దూరుతుందో కనిపిస్తుందా, లేక వేళ్ళు అడ్డం వస్తున్నాయా.

చెల్లి పంపిన వీడియో ఈ పరీక్షల్లో బాగానే నిలబడింది, చేతులు స్పష్టంగా ఉన్నాయి, తెల్లటి గుడ్డ మీద చేసింది ఆవిడ, హుక్ కూడా చూపించింది. ఒక్కటే లోటు, మొత్తం ఎన్ని పూసలు కావాలో ఎక్కడా చెప్పలేదు. ఆ లోటు మనం పూడ్చుకోవచ్చు, ఒక అంగుళం అల్లి అందులో ఎన్ని పట్టాయో లెక్కపెట్టి మణికట్టు కొలతతో హెచ్చవేస్తే సరి.

ఇంతవరకూ ప్యాట్రన్ సంగతి. మన ఊళ్ళో ఏం దొరుకుతాయో చూడకుండా ప్యాట్రన్ మంచిదని చెప్పడం సగం సలహానే. విజయనగరంలో గంటస్తంభం చుట్టుపక్కల మగ్గం వర్క్ సామాన్ల షాపుల్లో అడిగితే షుగర్ బీడ్స్ ఇస్తారు, శ్రీకాకుళంలో అయినా అంతే, 11/0 అంటే అర్థం కాదు, రెండు మిల్లీమీటర్లు, మూడు మిల్లీమీటర్లు అనాలి. గుర్తుపెట్టుకోండి, గుండ్రటి పూసల్లో 11/0 అంటే రెండు మిల్లీమీటర్లు అటూఇటూ, 8/0 మూడు, 6/0 నాలుగు, అంకె పెరిగేకొద్దీ పూస చిన్నదవుద్ది, 15/0 ఈ నాలుగిట్లో సన్నం, ఒకటిన్నర మిల్లీమీటరు. షుగర్ బీడ్స్ జాకెట్టు మీద కుట్టడానికి చక్కగా ఉంటాయి, నేనూ మగ్గం పనినుంచే పూసల అల్లికలోకి వచ్చాను, వాటిని తక్కువ చెయ్యను. కానీ ఒక్క ప్యాకెట్లోనే లావువి సన్నవి కలిసుంటాయి. ఒక పరీక్ష చెయ్యండి. సూదికి ఇరవై పూసలు ఎక్కించి స్కేలు పక్కన పెట్టి కొలవండి, దులిపీసి ఇంకో ఇరవై ఎక్కించండి, ఇలా నాలుగైదు సార్లు. డెలికా అయితే ప్రతిసారీ 26 మిల్లీమీటర్లు దగ్గర్లోనే వస్తది. మా ఇంట్లో ఉన్న షుగర్ బీడ్స్‌తో చేస్తే ఒకసారికీ ఇంకోసారికీ మూడు నాలుగు మిల్లీమీటర్లు తేడా వచ్చింది. ఇరవై పూసల్లోనే అంత తేడా ఉంటే 206 వరసల పట్టీ అంచు ఎలా ఉంటదో చూసుకోండి.

అందుకని షాపు పూసలే చేతిలో ఉంటే బొమ్మలున్న పెయోటి ప్యాట్రన్ ఎంత గొప్పదైనా పక్కన పెట్టండి. పువ్వుల గొలుసు, వల అల్లిక, మెలి తిరిగే స్పైరల్ తాడు, ఈ మూడూ పూసల తేడాని కడుపులో దాచుకుంటాయి, వాటికి ఫ్రీ ప్యాట్రన్లు కూడా బోలెడు, సరళంగా ఉంటాయి కాబట్టి తప్పులూ తక్కువే. సీతంపేట వైపు సంతల్లో సవర ఆడవాళ్ళ మెళ్ళో పూసల దండలు చూసినవాళ్ళకి తెలుస్తది, మామూలు పూసలే వరసల మీద వరసలు వేసుకుంటే ఎంత నిండుగా ఉంటాయో. పూసకి తగ్గ అల్లిక ఎంచుకుంటే చవక పూస కూడా నిండుగా కనిపిస్తది.

రంధ్రం సంగతి కూడా చూసుకోవాలి. ఒకే పూసలోంచి దారం ఎన్నిసార్లు పోతుందో ప్యాట్రన్‌లో లెక్కపెట్టండి. రైట్ యాంగిల్ వీవ్‌లో మూడు నాలుగు సార్లు పోవచ్చు, ఆఖర్న బలం కోసం ఇంకోసారి. డెలికాకి 0.8 మిల్లీమీటర్ల రంధ్రం, తట్టుకుంటది. షాపు పూసలకి కొన్నిటికి రంధ్రం సగం మూసుకుపోయి ఉంటది, నాలుగోసారి పదో నంబరు సూది బలవంతంగా తోస్తే టప్పున పూస పగులుద్ది, పగిలిన అంచు దారాన్ని కూడా కోసీస్తది. అలాంటప్పుడు 12వ నంబరు సూది, సన్నటి దారం. ప్యాట్రన్‌లో ఫైర్‌లైన్ 6 పౌండ్లు అని రాసుంటే (పౌండ్లంటే దారం ఎంత బరువుకి ఆగుతుందో ఆ లెక్క) అది అల్లిన దారం, 0.15 మిల్లీమీటర్లు, చేపల వేటకని తయారైనది. దాని బదులు మన షాపుల్లో దొరికే నైలాన్ వైరు వేస్తే చిన్న పూసల పట్టీ బిరుసుగా అయిపోయి చేతికి వంగదు, పెద్ద క్రిస్టల్స్‌కి మాత్రం బాగానే ఉంటది. దారం పేరు, సూది నంబరు రాసిన ప్యాట్రన్‌కి అందుకే ఒక మార్కు ఎక్కువ వేస్తాను.

బంగారు రంగు పూసల దగ్గర ఇంకొంచెం ఆగండి. మన తీరంలో ఉక్కపోత, చెమట, పైపైన లోహం పూత వేసిన గాల్వనైజ్డ్ పూస చేతికి రాసుకుని రాసుకుని బంగారం పోయి లోపలి గాజు బయటపడుద్ది. ఇంతకీ చెల్లి పీడీఎఫ్‌లో బంగారానికి డీబీ 1832 ఇచ్చారు, అది డ్యూరాకోట్ పూత, మామూలు గాల్వనైజ్డ్ కంటే గట్టిది. రంగు పేరుతో ఆగకుండా పూత దాకా ఆలోచించి రాసినవాళ్ళు అంటే ఆ పట్టీని పెట్టుకుని తిరిగినవాళ్ళు అయ్యుండాలి అనిపించింది నాకు.

ఇంకొక్క విషయం, ఇది నేను గట్టిగానే చెప్తాను. ఫ్రీ అని తిరుగుతున్నవాటిలో చాలా వరకూ ఎవరో డబ్బులకి అమ్ముకునే ప్యాట్రన్‌ని కాపీ చేసినవి. గుర్తులు ఉంటాయి, మూల పేరు కత్తిరించి ఉండడం, పేజీలు 3 నుంచి మొదలవడం, అక్షరాలు మసక. నీతి సంగతి అలా ఉంచినా మన పనికే నష్టం, రంగుల పట్టిక ఉన్న పేజీయే ఎగిరిపోయి ఉంటది. నీతి సంగతి మాత్రం ఎందుకు అలా ఉంచాలి, ఆ డిజైన్ గీసిన మనిషి కూడా మనలాగే రాత్రిళ్ళు కూర్చుని వరసలు లెక్కపెట్టినావిడే. చేసి అమ్ముదామనుకునేవాళ్ళు ఫ్రీ ప్యాట్రన్‌లో ఆఖరి పేజీ తప్పకుండా చదవండి, సొంతానికి మాత్రమే అని రాసి ఉంటే అమ్మడానికి అడగాలి. నేను ఇద్దరికి మెయిల్ పెట్టి అడిగాను, డిజైన్ వాళ్ళదని చెప్పి అమ్ముకోమని ఇద్దరూ ఒప్పుకున్నారు.

పొద్దున్న చెల్లికి ఫోన్ చేసి ఇదంతా చెప్పి, నెమలి ఫోటో తీసీయమన్నాను. కాసేపు బాధపడింది. మిగిలిన రెండిట్లో ఏదంటే, పెళ్ళికి నెలన్నర ఉంది, పెయోటి అది ఇంతకుముందు ఒక ఉంగరం వరకే చేసింది. డెలికా పూసలు తెప్పించుకోగలిగితే, రోజుకి ఆరేడు వరసలు అల్లగలిగితే పీడీఎఫ్, ఎందుకంటే అందులో తప్పు చేసినా ఎక్కడ చేశామో వరస నంబరు చూసి పట్టుకోవచ్చు. పూసలు రావడం ఆలస్యమైతే, లేదా ఓపిక లేకపోతే వీడియోలోది, అయిదారు రాత్రుల్లో అయిపోద్ది, 4 మిల్లీమీటర్ల క్రిస్టల్స్ ఇక్కడ షాపుల్లోనే దొరుకుతాయి, పెళ్ళి చీర మీదకి మెరుపు కూడా ఎక్కువే. ఇక్కడ ఇంకెవరైనా అయితే నేను వీడియోలోదే చెప్పేదాన్ని, అసలు అల్లడమే కొత్త అయితే కళ్ళు మూసుకుని అదే. దీనికి పట్టుదల ఎక్కువని తెలుసు కాబట్టి దాన్నే తేల్చుకోమన్నాను, కాకపోతే ఏది పట్టుకున్నా ముందు పది వరసలు అదే సైజు పాత పూసలతో అల్లి చూడు, వెడల్పు కొలువు, ప్యాట్రన్ చెప్పిన కొలతకి దగ్గర్లో వస్తేనే అసలు పూసలు విప్పు అని చెప్పాను.

"అయితే పీడీఎఫ్‌దే, అప్పా" అంది. నిన్న సాయంత్రం పది వరసల ముక్క స్కేలు పక్కన పెట్టి ఫోటో పంపించింది, 24 పూసలకి 32 మిల్లీమీటర్లు వచ్చింది. దారం ఇంకొంచెం బిగువుగా లాగమని చెప్పి ఎర్ర పూసల డబ్బా తియ్యమన్నాను.